టిక్కులన్నీ ఉన్నాయి, పంపు మాత్రం తిరగలేదు: ఒక బూమ్ లిఫ్ట్ కేస్ స్టడీ

యంత్రం డీజిల్‌తో నడిచే 45 అడుగుల ఆర్టిక్యులేటెడ్ బూమ్ లిఫ్ట్: కీళ్ల దగ్గర మడిచే పొడుగాటి చేయి (బూమ్), దాని చివర మనుషులు నిలబడే బాస్కెట్. మన సైట్లలో అందరూ మ్యాన్‌లిఫ్ట్ అనే అంటారు. విశాఖ తీరానికి దగ్గర్లోని ఒక రసాయన ప్లాంట్‌లో, పైప్ రాక్ (ఎత్తులో పైపులను మోసే ఇనుప చట్రం) మీద ఆవిరి లైన్లకు ఇన్సులేషన్ చుట్టి, పైన అల్యూమినియం క్లాడింగ్ (రేకు తొడుగు) వేసే పని కోసం దాన్ని అద్దెకు తెచ్చారు. వర్షాలు అప్పుడే మొదలయ్యాయి. భోజనాల తర్వాత ఆపరేటర్, ఇన్సులేషన్ ఫిట్టర్ బాస్కెట్‌లో పైకి వెళ్లారు. సుమారు 11 మీటర్ల ఎత్తులో ఉండగా ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఇద్దరినీ కిందికి దించడానికి ముప్పావు గంట పట్టింది.

ఎవరికీ గీత కూడా పడలేదు. కాబట్టి 'ఇంజిన్ ట్రబుల్, సరిచేశాం' అని ఒక వాక్యం రాసి ఫైలు మూసేసే అవకాశం ఉంది. ప్లాంట్ మేనేజర్ అలా మూయనివ్వలేదు. అదే గ్రూపులోని మరో యూనిట్‌లో సేఫ్టీ చూసే నన్ను దర్యాప్తుకు పిలిచారు. అక్కడ తెలుసుకున్నదీ, తర్వాత మార్చినదీ ఇక్కడ రాస్తున్నాను. మ్యాన్‌లిఫ్టులు నడిపేవాళ్లకి, వాటి పని అనుమతి పత్రం (పర్మిట్) మీద సంతకం పెట్టేవాళ్లకి ఉపయోగపడాలన్నది నా కోరిక.

ముప్పావు గంటలో జరిగింది

ఇంజిన్ ఆగితే బూమ్ కింద పడిపోదు. సిలిండర్లలో ఉండే హోల్డింగ్ వాల్వులు ఆయిల్‌ని పట్టి ఉంచుతాయి. బూమ్ ఎక్కడిదక్కడే ఆగుతుంది. అలాంటప్పుడు దించడానికే ఆగ్జిలరీ పంపు ఉంటుంది. అది బ్యాటరీ కరెంటుతో తిరిగే చిన్న హైడ్రాలిక్ పంపు. దాని స్విచ్ బాస్కెట్‌లో ఒకటి, కింద గ్రౌండ్ ప్యానెల్‌లో ఒకటి ఉంటాయి. ఆపరేటర్ ముందు ఇంజిన్ స్టార్ట్ చేయబోయాడు. సెల్ఫ్ తిరగలేదు. ఆగ్జిలరీ స్విచ్ నొక్కి పట్టుకున్నాడు. కింద ఎక్కడో రిలే టక్‌మన్న చప్పుడు మాత్రం వినిపించిందట, పంపు తిరగలేదు. మళ్లీ నొక్కితే ఆ టక్ కూడా లేదు.

కింద ఉన్న హెల్పర్ శ్రీకాకుళం కుర్రాడు, పనిలో కొత్త. పైనుంచి ఆపరేటర్ "కింద ప్యానెల్ తెరువు" అని అరిస్తే తెరిచాడు. తర్వాత ఏం చేయాలో అతనికి తెలియదు. నాతో చెప్పిన మాట ఇది: "అన్న అరుస్తున్నాడు సార్, ఏటి నొక్కాలో నాకు తెల్దు. బొమ్మలు కూడా ఎండకి ఎలిసిపోయున్నాయి." నేను వెళ్లి చూశాను. అతను చెప్పింది అక్షరాలా నిజం. ప్యానెల్ స్టిక్కర్ల మీద బాణాలు ఎటు చూపిస్తున్నాయో పోల్చుకోలేనంతగా వెలిసిపోయాయి.

ఇంకో చిక్కు తాళంచెవి. గ్రౌండ్ ప్యానెల్‌లో ఒక సెలెక్టర్ ఉంటుంది. దాన్ని ప్లాట్‌ఫామ్ వైపు తిప్పితే కంట్రోల్ పైకి, గ్రౌండ్ వైపు తిప్పితే కిందికి వస్తుంది. ఆపరేటర్ దాన్ని ప్లాట్‌ఫామ్ వైపు తిప్పి, చెవి తీసి జేబులో వేసుకుని పైకెక్కాడు. వేరేవాళ్లు కెలకకుండా అలా చేస్తానన్నాడు. అంటే కింద తెలిసినవాడే ఉన్నా, బ్యాటరీ బాగానే ఉన్నా, కిందనుంచి దించే దారి లేదు. చివరికి అతను చెవిని చేతి గ్లౌజులో ముడేసి పైనుంచి వదిలాడు. అదృష్టం బాగుండి అది పైపుల మధ్య ఇరుక్కోకుండా కంకర మీద పడింది.

ప్లాంట్ ఎలక్ట్రీషియన్ ఒకాయన పికప్ వ్యాన్ తెప్పించి, దాని బ్యాటరీ నుంచి జంపర్ కేబుళ్లు పెట్టి దించాడు. నేరుగా దించే వీలు కూడా లేదు. బాస్కెట్ రెండు వరసల పైపుల మధ్యలోకి దూరి ఉంది. ముందు బూమ్‌ని లోపలికి లాక్కుని, పక్కకు తిప్పి, ఆ తర్వాతే దించాలి. తొందరపడి ముందే కిందికి నొక్కి ఉంటే బాస్కెట్ అంచు పైపుకి తగిలి, మధ్యలో మనుషులు నలిగేవాళ్లు. ఆ ఎలక్ట్రీషియన్ నిదానం వల్ల అది జరగలేదు. రిపోర్టులో ఆయన చేసిన పనిని ప్రత్యేకంగా రాశాను.

కాగితం చెప్పింది

ఆ రోజు ఉదయం ప్రీ-యూజ్ చెక్‌లిస్టులో (వాడే ముందు పరీక్షించి నింపే కాగితం) బ్యాటరీ ఓకే, డీజిల్ ఓకే, ఎమర్జెన్సీ లోయరింగ్ ఓకే, స్టిక్కర్లు ఓకే. పుస్తకం వెనక్కి తిప్పితే అన్ని పేజీలూ అవే. ఒకే పెన్ను, ఒకే వాలు, పైనుంచి కిందికి జారినట్టు టిక్కులు. యంత్రం అసలు కదలని ఆదివారాలకు కూడా టిక్కులు పడి ఉన్నాయి.

చాలామంది సూపర్‌వైజర్లు నాతో వాదించింది సర్టిఫికెట్ గురించి. "థర్డ్ పార్టీ సర్టిఫికెట్ ఉంది కదా సార్, డేట్ కూడా దాటలేదు." నిజమే, ఉంది. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948లోని 29వ సెక్షన్ ఎత్తే యంత్రాలకు కనీసం 12 నెలలకోసారి కాంపిటెంట్ పర్సన్ (అర్హత ఉన్న పరీక్షకుడు) చేత పూర్తి పరీక్ష చేయించాలనేది. ఆ పరీక్ష జరిగింది. కానీ అది పరీక్ష జరిగిన రోజున యంత్రం ఎలా ఉందో చెప్పే కాగితం. నెలల తర్వాత, ఉప్పుగాలిలో నిలబడి, వర్షంలో తడిసి, ముగ్గురు ఆపరేటర్ల చేతులు మారిన యంత్రం ఈ పొద్దున ఎలా ఉందో అది ఎలా చెబుతుంది? అందుకే తయారీదారుల మాన్యువళ్లు రోజూ పని మొదలుపెట్టే ముందు, ఆపరేటర్ మారినప్పుడల్లా పరీక్ష చేయమంటాయి. యంత్రం మీద పెట్టెలో ఉండాల్సిన ఆ మాన్యువల్ ఇక్కడ కంటైనర్ ఆఫీసులో, ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా దొరికింది.

అసలు సంగతి

బ్యాటరీ పాతది. దాని ప్లస్ టెర్మినల్ క్లాంపు మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుపోయి ఉంది. సముద్రం దగ్గరి సైట్లలో ఇది మామూలే. చేత్తో తిప్పితే క్లాంపు తిరిగింది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఆల్టర్నేటర్ కరెంటు ఇస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఇంజిన్ ఆగిన క్షణం నుంచి ఆగ్జిలరీ పంపుకి ఆ బ్యాటరీ ఒక్కటే దిక్కు. యంత్రం ఎప్పుడు మనల్ని వదిలేస్తుందో, సరిగ్గా అప్పుడే బ్యాటరీ అవసరం పడుతుంది.

ఇంజిన్ ఆగడానికి కారణం డీజిల్‌లో నీళ్లు. డీజిల్ డ్రమ్ములు షెడ్డు బయట నిలబెట్టి ఉన్నాయి. మూతల మీద వాన నీరు నిలిచి లోపలికి దిగింది. ఫిల్టర్ అడుగున నీటిని వేరుచేసే గిన్నె ఉంటుంది, కింద చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాన్ని విప్పితే ముందు నీళ్లే వచ్చాయి, తర్వాత డీజిల్.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టిన విషయం మూడో రోజు, టీ తాగుతుంటే బయటపడింది. వాచ్‌మన్ మామూలుగా అన్నాడు: "ఆ బండి రోజూ పొద్దున్న వ్యాను బ్యాటరీ పెడితేగానీ స్టార్ట్ అవదు కదండీ." ఆపరేటర్‌ని అడిగితే ఔనన్నాడు. హెల్పర్‌కి తెలుసు, వ్యాను డ్రైవర్‌కి తెలుసు, కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌కీ తెలుసు. రోజూ పొద్దున్నే జంపర్ కేబుళ్లు పెట్టి స్టార్ట్ చేయడం, అదే పొద్దున 'బ్యాటరీ ఓకే' అని టిక్కు పెట్టడం, రెండూ ఒకే మనిషి చేతుల మీదుగా జరిగాయి. దాన్ని అబద్ధం అనడం సులువు. అతనితో కూర్చుని మాట్లాడాక నాకు అర్థమైంది వేరు. ఆ కాగితం అతన్ని ఏమీ అడగలేదు. బ్యాటరీ అన్న మాట, పక్కన ఖాళీ గడి. బండి స్టార్ట్ అయింది, అంటే బ్యాటరీ ఓకే. అతని లెక్క అది.

అందుకే రిపోర్టులో ఆపరేటర్ మీద చర్య అనే శీర్షిక తీసేయించాను. కొందరికి నచ్చలేదు. అతన్ని పంపేసి ఇంకొకరిని తెచ్చినా, ఆ కొత్త మనిషి చేతిలో మనం పెట్టేది అదే కాగితం కదా.

టిక్కు బదులు రీడింగ్

కొత్త చెక్‌లిస్టులో ముఖ్యమైన చోట్ల 'ఓకే' గడి లేదు. అంకె రాయాలి, లేదా చూసింది రాయాలి. ఇంజిన్ స్టార్ట్ చేయకముందు బ్యాటరీ ఎన్ని వోల్టులు, సెల్ఫ్ తిప్పుతుండగా ఎంతకు పడింది. పూర్తి చార్జింగ్‌తో ఆరోగ్యంగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ కదలకుండా ఉన్నప్పుడు 12.6 దగ్గర చూపిస్తుంది. 12.4 కంటే తక్కువ ఉంటే చార్జ్ చేసి, ఎందుకు తగ్గిందో చూడాలి. సెల్ఫ్ తిప్పేటప్పుడు 10 కిందికి పడితే ఆ రోజు ఆ యంత్రంతో ఎవరూ పైకి వెళ్లరు. ఈ హద్దులు ఆ సైట్‌కి మేం పెట్టుకున్నవి. ఒక మల్టీమీటర్ కొనిచ్చాం. జంపర్ కేబుల్ పెట్టి స్టార్ట్ చేస్తే అది బ్రేక్‌డౌన్ కిందే లెక్క, యంత్రానికి ఎర్ర ట్యాగ్ (వాడకూడదని చెప్పే చీటీ) పడుతుంది.

నీటి గిన్నె డ్రెయిన్ చేస్తే ఏం వచ్చింది? నీళ్లా, డీజిలా? రాయాలి. డీజిల్ గేజ్ ఎక్కడుంది? రాయాలి. గాలి ఎంత? రాయాలి. బయట వాడే చాలా బూమ్ లిఫ్టుల ప్లేటు మీద గాలి హద్దు సెకనుకు 12.5 మీటర్లు, అంటే గంటకు 45 కిలోమీటర్లు. క్లాడింగ్ షీట్లు బాస్కెట్‌లో ఉంటే గాలి వాటిని పట్టుకుని బూమ్‌ని తోస్తుంది, ఆ హద్దు దాకా ఆగడం కూడా ఎక్కువే. 2010 అక్టోబర్‌లో అమెరికాలోని నోట్రే డేమ్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ప్రాక్టీసు వీడియో తీస్తున్న విద్యార్థి, గంటకు 50 మైళ్లు దాటిన గాలిలో సిజర్ లిఫ్ట్ (కత్తెరలా మడిచే కాళ్లతో నిటారుగా లేచే వేదిక) పడిపోయి చనిపోయాడు. ఆ రోజు గాలి ఎక్కువని అందరికీ కనిపిస్తూనే ఉంది. చేతిలో పట్టుకునే చిన్న గాలి మీటరు ఖరీదు ఒక మంచి హార్నెస్ (ఒంటికి కట్టుకునే సేఫ్టీ బెల్టు) కంటే ఎక్కువేమీ కాదు.

ఇప్పుడు ఉదయం ఎలా గడుస్తుంది

ముందు చుట్టూ ఒక నడక. టైర్లలో కోతలు, వీల్ నట్లు, కింద నేల మీద కొత్త ఆయిల్ మరక. హోస్ మీద తడి కనిపిస్తే వేలితో తడమకూడదు. సన్నటి రంధ్రం నుంచి ఒత్తిడితో వచ్చే హైడ్రాలిక్ ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా అది వెంటనే ఆపరేషన్ చేయాల్సిన గాయం. అందుకే ఒక అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. బూమ్ జాయింట్ల దగ్గర పిన్నులు, ఆ పిన్నులు జారకుండా పట్టి ఉంచే బోల్టులు ప్రతిదీ కంటితో చూడాలి. వెల్డింగుల దగ్గర పెయింట్ సన్నగా చీలి, ఆ గీతలోంచి తుప్పు కారుతుంటే అది పెయింట్ సమస్య కాకపోవచ్చు. ఆపి, తెలిసినవాళ్లను పిలవాలి.

తర్వాత గ్రౌండ్ ప్యానెల్. ఈ వరస మార్చకూడదని నేను గట్టిగా పట్టుబట్టాను. ఎక్కువమంది ఆపరేటర్లు నేరుగా బాస్కెట్‌లోకి ఎక్కి జాయ్‌స్టిక్ అటూ ఇటూ కదిపి 'టెస్ట్ అయింది' అంటారు. పైన ఏదైనా అయితే దించాల్సింది కింద మనిషి, కింద ప్యానెల్. మొదట పరీక్ష దానికే జరగాలి. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నొక్కితే ఇంజిన్ ఆగాలి. ప్రతి కదలికా ఒక్కోటి చేసి చూడాలి. స్విచ్ వదలగానే కదలిక ఆగాలి. ఆ తర్వాత ఇంజిన్ పూర్తిగా ఆపేసి, ఆగ్జిలరీ పంపుతో బూమ్‌ని కొంచెం ఎత్తి దించాలి. ఎత్తిందా, ఎన్ని సెకన్లలో దిగింది, రాయాలి. ఆ పంపు మోటార్‌ని ఎక్కువసేపు తిప్పితే వేడెక్కుతుంది, కాబట్టి కొద్దిసేపే. ఇదంతా చేసేది హెల్పర్. ఆపరేటర్ పక్కన నిలబడి చూస్తాడు. రోజూ తన చేతులతో చేసినవాడికి, నిజంగా అవసరమైన రోజు ఏ స్విచ్ ఏదో వెతుక్కోవాల్సిన పని ఉండదు. తాళంచెవి గ్రౌండ్ ప్యానెల్‌లోనే ఉంటుంది, హెల్పర్ అక్కడినుంచి కదలడు. అతన్ని సిమెంటు బస్తా తెమ్మని, టీ తెమ్మని పంపితే బాస్కెట్ కిందికి దిగాల్సిందే.

బాస్కెట్‌లో ముందు చూడాల్సింది ఫుట్ స్విచ్. అది నొక్కకుండా ప్రతి జాయ్‌స్టిక్ కదపాలి, ఏదీ కదలకూడదు. నొక్కితేనే కదలాలి. కొన్ని మోడళ్లలో నొక్కి ఏడు సెకన్లు ఏమీ చేయకపోతే అది మళ్లీ వదిలి నొక్కమంటుంది. ఆపరేటర్లకి ఇది విసుగు. కానీ మనిషి పైపుకీ కంట్రోల్ ప్యానెల్‌కీ మధ్య ఇరుక్కున్నప్పుడు, కాలు లేవగానే యంత్రాన్ని ఆపేది ఆ స్విచ్చే. తర్వాత గేటు దానంతటది మూసుకోవాలి. లాన్యార్డ్ (హార్నెస్ నుంచి వచ్చే తాడు) తగిలించే యాంకర్ పాయింట్ల దగ్గర పగుళ్లు ఉండకూడదు. లాన్యార్డ్ పొట్టిగా ఉండాలి, బాస్కెట్‌లోని యాంకర్‌కే తగిలించాలి. పక్కనున్న పైపుకి తగిలిస్తే, బూమ్ కదిలినప్పుడు మనిషిని పైపు లాగేస్తుంది. చక్రం చిన్న గోతిలో పడ్డా పొడుగు బూమ్ చివరన బాస్కెట్ కొరడాలా ఊగి మనిషిని బయటికి విసురుతుంది, హార్నెస్ అందుకే. సామర్థ్యం ప్లేటు 227 కిలోలు అంటే మనుషులు, టూల్స్, మెటీరియల్ అన్నీ కలిపి. ఇద్దరు మనుషులు పోగా మిగిలేదానిలో షీట్లు, ఇన్సులేషన్‌కి వాడే రాక్‌వూల్ కట్టలు ఎన్ని పడతాయో సైట్‌లో తూకం వేసి చూపించాం. అంతకుముందు వాళ్లు తీసుకెళ్తున్నదానిలో సగం కూడా పట్టలేదు.

టర్న్‌టేబుల్ (చక్రాల ఛాసిస్ మీద బూమ్‌తో సహా తిరిగే పైభాగం) వెనక్కి తిరిగి ఉన్నప్పుడు ముందుకి నొక్కితే యంత్రం వెనక్కి వెళ్తుంది. కంట్రోల్ మీద, ఛాసిస్ మీద రంగు బాణాలు ఉన్నది అందుకే. కొత్త స్టిక్కర్లు వేయించే దాకా ఈ యంత్రాన్ని కదలనివ్వలేదు.

చివరిగా, యంత్రం వెళ్లే దారి. ఈ యంత్రం బరువు ఆరేడు టన్నులు. డ్రైన్ మూతలు, వర్షాలకు ముందు తవ్వి పూడ్చిన కేబుల్ ట్రెంచ్‌లు, కంకర కింద మెత్తబడ్డ మట్టి, పైన కరెంటు లైన్లు, అన్నీ చూడాలి. 11 కేవీ లాంటి లైన్లకు మాన్యువళ్లు చెప్పే కనీస దూరం సుమారు 3 మీటర్లు. బాస్కెట్ ఊగడం, షీటు పొడవు కూడా ఆ లెక్కలోకే రావాలి. ఆపరేటర్, హెల్పర్ ఇద్దరూ ఆ దారిలో నడిచి చూడాలి. ముందురోజు చూశాం కదా అంటే కుదరదు, రాత్రి వాన పడి ఉండొచ్చు.

ఎదురైన అభ్యంతరాలు

ఇదంతా పూర్తిగా చేస్తే ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. కాంట్రాక్టర్ మొదట గట్టిగా అడ్డుపడ్డాడు. "రోజుకి అరగంట పోతే నా గ్యాంగ్ కూలీ ఎవరిస్తారు సార్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. జవాబు కొనుగోలు విభాగం దగ్గర దొరికింది. ఇన్‌స్పెక్షన్ సమయాన్ని పని సమయంగా లెక్కగట్టి వర్క్ ఆర్డర్‌లో రాయించాం. ఎర్ర ట్యాగ్ పడిన రోజుకి యంత్రం యజమానికి అద్దె ఇవ్వరని హైర్ ఒప్పందంలో చేర్పించాం. దాంతో బ్యాటరీలు ఎంత త్వరగా మారాయో చూసి ప్లాంట్ వాళ్లే ఆశ్చర్యపోయారు. ఎర్ర ట్యాగ్ వేసే అధికారం ఆపరేటర్‌కీ ఇచ్చాం. దాన్ని తీయించే అధికారం మాత్రం మెకానిక్ సంతకం చూశాక సేఫ్టీ విభాగానికే.

తర్వాతి వారాల్లో కొత్త పద్ధతి చాలా లోపాలు పట్టుకుంది. ఇంకో యంత్రంలో ఫుట్ స్విచ్‌ని బైండింగ్ వైరుతో నొక్కి కట్టేసి ఉంది. కట్టింది ఎవరని అడగలేదు, ఎందుకని అడిగాం. స్ప్రింగ్ గట్టిపడి, సాయంత్రానికి కాలు లాగేస్తోందట. స్విచ్ మార్చారు, వైరు పోయింది. ఒక సిజర్ లిఫ్ట్‌కి, బాస్కెట్ లేచేటప్పుడు చక్రాల మధ్య కిందికి దిగాల్సిన పాట్‌హోల్ గార్డు (చక్రం గుంటలో పడ్డా యంత్రం ఒరగకుండా ఆపే పలక) ఒకవైపు సిమెంటు గట్టిపడి దిగడం లేదు. అది దిగకపోతే యంత్రం పైకి లేవడం ఆపేస్తుంది. దాన్ని 'సెన్సార్ ఫాల్ట్' అనుకుని బైపాస్ చేయమని అప్పటికే ఎలక్ట్రీషియన్‌ని అడిగి ఉన్నారు.

రీడింగులు రాసే పద్ధతికీ ఒక బలహీనత ఉంది. కొన్నాళ్లకి అన్ని రోజులూ 12.6 అనే అంకె కనపడటం మొదలైంది. టిక్కు స్థానంలో అంకెకి అలవాటుపడ్డారు. అందుకని వారంలో ఏదో ఒక రోజు, చెప్పకుండా, సూపర్‌వైజర్ మీటరు పట్టుకుని ఆపరేటర్ పక్కనే నిలబడి చదువుతాడు. రెండు అంకెలూ ఒకే గడిలో పక్కపక్కన పడతాయి. ఇది ఎవరి తప్పూ పట్టుకోవడానికి కాదని మొదటి రోజే టూల్‌బాక్స్ టాక్‌లో (పని మొదలయ్యే ముందు జరిగే చిన్న సేఫ్టీ సమావేశం) చెప్పించాం.

ఇంకా తేలనిది నైట్ షిఫ్ట్. ప్లాంట్ ఆపి చేసే షట్‌డౌన్ పనుల్లో యంత్రం రాత్రి రెండో ఆపరేటర్ చేతికి మారుతుంది. ఆపరేటర్ మారినప్పుడు పరీక్ష మళ్లీ మొదటినుంచి జరగాలి. కానీ పిన్నులు, వెల్డింగులు టార్చి వెలుగులో సరిగ్గా కనిపించవు. ప్రస్తుతానికి షిఫ్ట్ మారే చోటును హైమాస్ట్ లైటు కిందికి మార్చాం, యంత్రాన్ని అక్కడికి తెచ్చి ఆపాకే చేతులు మారాలన్నాం. దూరంగా పని జరిగే రాత్రుల్లో దీన్ని తప్పించుకోవాలని చూస్తున్నారు. ఆ షిఫ్టు సూపర్‌వైజర్లతో వచ్చే వారం కూర్చుంటున్నాం.